నా నిగ్రహానికి పరీక్ష

మా అమ్మకి నా మీద అనుమానం బాత్రూం కుళాయి దగ్గర మొదలైంది. అప్పట్లో నేను ఎచ్చెర్ల యూనివర్సిటీ హాస్టల్లో ఉండేదాన్ని. వారం వారం బొబ్బిలి వచ్చేదాన్ని. అన్నం తిన్న వెంటనే బాత్రూంలోకెళ్ళి కుళాయి బర్రున తిప్పేదాన్ని, కక్కుతున్న చప్పుడు బయటికి వినపడకూడదని. కానీ అమ్మ చెవులు మామూలువా! ముందు కిరాణా కొట్టు, వెనక ఇల్లు. కొట్లో ఎంత బేరం జరుగుతున్నా ఇంట్లో ఏ గిన్నె మూత లేచిందో కనిపెట్టేస్తుంది.

"ఏటే అది? తిన్నది ఇమడ్డం లేదేటి?" అంది ఒకరోజు. ఎండదెబ్బ అన్నాను. నమ్మలేదు. పెళ్ళికాని పిల్ల వాంతులు చేసుకుంటే తల్లులకి తట్టేది ఒకటే. రక్తం తక్కువుందేమో చూపిద్దామని ల్యాబ్‌కి తీసుకెళ్ళి, చేతికి డబ్బీ ఇచ్చి మూత్రం పట్టి తెమ్మంది. రక్తానికి డబ్బీ ఎందుకో నాకు తెలీదనుకుందా? ఏమీ లేదని తేలాక అక్కడే దేవుడికి దండం పెట్టుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

అసలు సంగతి వేరు. శనివారాలు అమ్మతోపాటు ఉపవాసం మొదలుపెట్టి, ఆవిడనే మించిపోయాను. పాలు, పండు కూడా ముట్టేదాన్ని కాదు. "మా పిల్లకి ఎంత నిగ్రహమో!" అని అమ్మ చుట్టాలందరికీ చెప్పుకునేది. ఆదివారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు వంటింట్లో నిలబడి చల్లారిన అన్నం, పప్పు, కొట్లోంచి తెచ్చిన బెల్లం, కడుపు నొప్పెట్టేదాకా తినేసేదాన్ని. రుచి కూడా తెలిసేది కాదు. తర్వాత కుళాయి. నా మీద నాకే అసహ్యం వేసేది.

ఒకసారి హాస్టల్లో కళ్ళు తిరిగి పడిపోతే అమ్మని పిలిపించారు. విశాఖలో ఒక పెద్దాసుపత్రికి వెళ్ళాం. మానసిక వైద్యురాలు గుచ్చిగుచ్చి అడిగి అంతా రాబట్టి, అతిగా తినేసి కక్కేసే ఈ జబ్బు పేరు బులీమియా అని చెప్పింది. తిండి విషయంలో మెదడు మనిషిని ఎలా ఆపుతుందో స్కాన్ తీసి పరిశోధిస్తున్నారట, ఇష్టమైతే నన్నూ చేరమంది. ఇదంతా మందులమ్ముకోడానికేనని అమ్మ అనుమానం. నా మనసులోవన్నీ తెరమీద పడిపోతాయేమోనని నాది.

అయినా చేరాను. స్కాన్ మిషన్లో పడుకోబెట్టి తిండి బొమ్మలు చూపించారు. బొమ్మ రాగానే మీట నొక్కాలి. ఎర్ర గుర్తు కనబడితే చెయ్యి ఆపుకోవాలి. ఒకసారి పస్తుతో, ఇంకోసారి తిన్నాక. అన్నీ కేకులూ పిజ్జాలూ! నవ్వొచ్చింది. నన్ను ఓడించే చల్లన్నం ఒక్క బొమ్మలోనూ లేదు. పైగా ఆపుకోవడం నాకు నేర్పుతారా? శనివారమంతా మంచినీళ్ళతో గడిపేదాన్నాయె.

ఆ మాటే వైద్యురాలితో కాస్త పొగరుగా అన్నాను.

ఆవిడ అమ్మవైపు తిరిగింది. "ఈ జబ్బున్నవాళ్ళలో 'ఇక చాలు' అని ఆపే పని మెదడులో అందరిలాగా జరగదేమోనని మా అనుమానం. ఇంకా పూర్తిగా తేలలేదు. కానీ పస్తులున్నాక తిండిమీద పడిపోవడం మాత్రం చూస్తూనే ఉన్నాం. వేళకి తినాలి. ఉపవాసాలు మానెయ్యాలి."

అమ్మ ముఖం మాడిపోయింది. "మెదడు మీదకి తోసేస్తన్నారు. దేవుడి జోలికీ వచ్చేసినారు," అని బొబ్బిలి దాకా రైల్లో సణుగుతూనే ఉంది. నాకు భయం పట్టుకుంది. ఆవిడ ఒప్పుకోకపోతే నా అంతట నేను ఉపవాసం మానలేను. మానితే ఇంక నన్ను మెచ్చుకోడానికి ఏముంది?

ఆ శనివారం మధ్యాహ్నం అమ్మ కొట్టు వదిలేసి లోపలికొచ్చి రెండు కంచాలు పెట్టింది. నాకు ఊహ తెలిశాక ఆవిడ శనివారం అన్నం ముట్టడం చూడలేదు. నన్ను పరీక్షించడానికేననుకుని ఆవిడ చేతివంకే చూస్తూ కూర్చున్నాను. పప్పు కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తిను. దేవుడికి నేను సెప్పుకుంటాన్లే."

తిన్నాను. చెయ్యి కడుక్కోగానే ఆవిడ నా మణికట్టు పట్టుకుంది.

"ఇప్పుడేటనిపిస్తంది? నిజం సెప్పు."

"లోపలికెళ్ళి కక్కెయ్యాలనుంది."

కక్కాలనిపిస్తున్నప్పుడే ఆ మాట ఎవరితోనైనా అనడం అదే మొదటిసారి.

"ఎల్లకు. కూకో."

కూర్చున్నాను. కొట్టు దగ్గర ఎవరో పిలుస్తూనే ఉన్నారు. అమ్మ లేవలేదు.