ఫిరంగి దింపి వెళ్ళే క్లెమ్

ఇంగ్లండులోని లాంకషైర్‌లో గుర్రబ్బండి మీద ఇంటింటికీ పాలు పోసుకునే క్లెమ్ ఆస్పినాల్ చేతికి రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం ఒక లారీ ఇచ్చింది. శత్రువు ట్యాంకుల్ని ఆపడం మా రెజిమెంటు పని. క్లెమ్ మా ఫిరంగిని లారీ వెనక తగిలించుకొచ్చి, మేం తవ్విన గోతి దగ్గర దించేసి, వెంటనే కొండ చాటుకి వెళ్ళిపోవాలి. ఎత్తుగా ఉండే లారీ కనిపిస్తే ఫిరంగి ఉన్న చోటు కూడా తెలిసిపోతుంది కాబట్టి పైవాళ్ళ ఆర్డరు అలా ఉంది. మా నోళ్ళకి అదేం పట్టేది కాదు.

"అదుగో, కొత్త అల్లుడుగారు బయల్దేరారు! ఎండ తగలకుండా వెళ్ళు నాయనా!" అనేవాడు ఫిరంగికి గురి చూసే హోరెస్.

క్లెమ్ నవ్వేవాడు కాదు, తిట్టేవాడూ కాదు. గేరు మార్చి, గుర్రాన్ని అదిలించినట్టు "పద తల్లీ" అని లారీతో అనేసి పోయేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఒక్క మాట ఎదురంటే ఇతగాడి సొమ్మేం పోయింది?

ట్యునీషియా కొండల్లో ఒక రోజు పొద్దున్నుంచీ ట్యాంకులు వస్తూనే ఉన్నాయి. రెండింటిని ఆపాం. మధ్యాహ్నానికి మా గుండ్లు అయిపోయాయి. ఫిరంగితో సహా వెనక్కి వచ్చేయమని కబురొచ్చింది. టన్ను పైబడిన ఫిరంగిని నలుగురం తోసుకుంటూ ఆ వాలు ఎక్కలేం. వదిలేసి పరిగెడదామంటే వెనకంతా బట్టబయలు. క్లెమ్ రాకపోతే మా పని అయిపోయినట్టే.

"వస్తాడంటావా?" అన్నాడు హోరెస్. వాడి గొంతులో ఎగతాళి లేదు, భయం ఉంది.

అప్పుడు వాలు పైన లారీ కనిపించింది. రివర్సులో దిగుతోంది! మా దగ్గరకొచ్చి లారీ తిప్పుకోవాలంటే, ఆ కాసేపట్లో అందరం పోతాం. అందుకని తల బయటికి పెట్టి, కొండ దాటినప్పటి నుంచీ వెనక్కే నడుపుకొచ్చాడు. ఇరుకు సందుల్లో పాలబండిని వెనక్కి నడిపించిన మనిషి మరి. చుట్టూ గుండ్లు పడుతున్నాయి.

"తగిలించండ్రా! ఏంటలా చూస్తారు, పెళ్ళిచూపులా?" అని కేకేశాడు.

కొండ దాటాక హోరెస్ ఏడ్చేశాడు. "ఇన్నాళ్ళూ అన్నేసి మాటలన్నాను. ఎందుకు ఊరుకున్నావురా?"

"ఏమనమంటావు? మిమ్మల్ని అక్కడ దింపి పోతుంటే నాకూ పారిపోతున్నట్టే ఉండేది."

ఆ పూట ఎవరం సరిగ్గా తిండి తినలేదు.

రెండు రోజులకి కొత్త చోట ఫిరంగి దింపాం. ఈసారి ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. హోరెస్ జేబులోంచి పెళ్ళాం ఫొటో తీసి క్లెమ్ చేతికి ఇవ్వబోయాడు.

"నీ దగ్గరుంచు. నాకేమైనా అయితే నువ్వే మా ఇంటికి పట్టుకెళ్ళు."

క్లెమ్ ఆ చేతిని వెనక్కి నెట్టేశాడు.

"నీ పెళ్ళాం నీ జేబులోనే ఉండనీ. సాయంత్రం నేనొచ్చి ఇద్దర్నీ ఎక్కించుకుపోతాను."

వచ్చాడు.