రిజిస్టరులో లేని పేరు

భీమారావు గారు దేశ రాజధానిలో మా తెలుగు క్రైస్తవ సంఘానికి పద్నాలుగేళ్ళు కార్యదర్శి. ఆయన గురించి మంచిమాట రాయాలంటే చేతిరాత ముత్యాల్లా ఉంటుందని రాసి, కలం పక్కన పెట్టెయ్యాలి. నేను పెట్టను. ఆ పద్నాలుగేళ్ళూ స్త్రీల సమాజం పనులు చూసిన నర్సుని నేను. ప్రతి ఆదివారం ఆయన్ని భరించినదాన్ని. ఆమాత్రం హక్కు నాకుంది.

ఆయన కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. మాకు సొంత మందిరం లేదు. బేర్ సరాయ్ దాటాక ఒక స్కూలు హాల్లో ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆరాధన. దాన్నే మందిరం అనుకునేవాళ్ళం. పాస్టరు గారు ఆగ్రా నుంచి నెలకోసారి వచ్చేవారు. మంచాయనే, కానీ నోట్లో నాలుక లేదు. మిగతా ఆదివారాలు భీమారావు గారి రాజ్యం. ముందు వరస కుర్చీలు క్లాస్ వన్ ఆఫీసర్లకి, వెనక వరస గుమాస్తాలకి. కంటోన్మెంట్ నుంచి వచ్చే జవాన్ల కుటుంబాలు ఎంత పెందలాడే వచ్చినా చాపల మీదే కూర్చోవాలి. బేర్ సరాయ్ ఇరుకు గదుల్లో ఉండి సివిల్స్‌కి చదివే కుర్రాళ్ళకి మాత్రం కుర్చీలకీ చాపలకీ మధ్య ఒక బెంచీ వేయించాడు. వాళ్ళలో రేపు ఎవడు కలెక్టరవుతాడో ఎవరికి తెలుసు!

గుడ్ ఫ్రైడే వచ్చిందంటే ఆయన బుద్ధి పూర్తిగా బయటపడేది. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగించడం మా ఆచారం. పన్నెండింటికి మొదలై మూడింటికి ముగుస్తుంది, అందాకా అందరం ఉపవాసం. ఎవరికి ఏ మాట ఇవ్వాలో ఈయన హోదా చూసి నిర్ణయించేవాడు. మొదటిది, శత్రువుల్ని క్షమించమన్న మాట, డిప్యూటీ సెక్రటరీకి. రెండోది అండర్ సెక్రటరీకి. ప్రమోషన్ వస్తే మాట మారేది. అంతా ముగిసిందన్న ఆరో మాటని ఆ ఏడు రిటైరయ్యేవాళ్ళకి అట్టేపెట్టేవాడు. నవ్వొస్తోందా? మాకు అలవాటైపోయి నవ్వు కూడా వచ్చేది కాదు. దాహమైందన్న మాట మీద ప్రసంగిస్తూ మధ్యలో రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగిన ఇంజనీరు గారిని కూడా ఈ కళ్ళతో చూశాను. నా దేవా నన్నెందుకు విడిచిపెట్టావని అడిగిన నాలుగో మాట మాత్రం ఎప్పుడూ భీమారావు గారిదే. ఆ ప్రసంగంలో ఆయన గొంతు వణికించేవాడు. ప్రతి ఏడూ ఒకేచోట.

ఇక కమలాకుమారి. కంటోన్మెంట్ స్కూల్లో ఆయా. భర్త ఆర్మీలో వంటవాడిగా చేసి పోయాడు. ఒక్కడే కొడుకు, ఉదయ్‌కిరణ్, వాడూ ఆర్మీలోనే నాయక్. ప్రభు భోజనం బల్ల మీద పరిచే తెల్లగుడ్డ పదేళ్ళుగా ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి తెచ్చేది ఆవిడే. తొంభై అయిదులో ఉదయ్‌కిరణ్ హర్‌ప్రీత్ అనే పంజాబీ పిల్లని గురుద్వారాలో పెళ్ళి చేసుకున్నాడు. మరుసటి ఆదివారమే భీమారావు గారు సంఘం రిజిస్టరు తెరిచి, స్కేలు పెట్టి, ఎర్ర సిరాతో ఆ పేరు కొట్టేశాడు. స్కేలు పెట్టి మరీ! వంకరగా కొడితే పాపం అంటుకుంటుందనుకున్నాడేమో.

తొంభై ఏడు జనవరిలో కొండదారిలో మిలిటరీ లారీ లోయలో పడి ఆ అబ్బాయి చనిపోయాడు. ఆర్మీవాళ్ళు జెండా కప్పి, సెల్యూట్ చేసి సాగనంపారు. మరి మా సంఘం? కూడిక అయ్యాక కమలాకుమారి భీమారావు గారి ముందు చేతులు కట్టుకుని నిలబడింది. నేను పక్కనే ఉన్నాను.

“అయ్యా, జ్ఞాపకార్థ కూడిక పెట్టకపోయినా పర్లేదు. మందిరంలో నా బిడ్డ పేరు ఒక్కసారి చదివించండి. ఇంకేం అడగను.”

“రిజిస్టరులో లేని పేరు ఎలా చదువుతామమ్మా? రూలంటూ ఒకటి ఏడిసింది కదా. రేపు ప్రతివాడూ గుళ్ళోనో గురుద్వారాలోనో చేసుకొచ్చి, మా పేరూ చదవండి అంటాడు.”

“ఈ సంఘంలోనే కదయ్యా బాప్తిస్మం తీసుకున్నాడు.” ఆవిడ వంగి ఆయన కాళ్ళు పట్టుకుంది.

“తీసుకున్నాడు. కొట్టేశాం. బాత్ ఖతమ్,” అని కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

ఆఫీసులో ఫైలు మూసినట్టు మూసేశాడు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆదివారం బల్లగుడ్డ మాత్రం ఎప్పట్లాగే మడత నలగకుండా వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది, ఆవిడ మీద కూడా.

గుడ్ ఫ్రైడే ప్రసంగాల జాబితా ఆయనది. ప్రతి ప్రసంగం తర్వాత ఒక స్త్రీ లేచి చిన్న ప్రార్థన చెయ్యాలి, ఆ జాబితా నాది. ఆడవాళ్ళ ప్రార్థన ఆయనకి ఫ్యాను చప్పుడుతో సమానం, నా కాగితం ఏనాడూ సరిగ్గా చదివిన పాపాన పోలేదు. మూడో మాట సిలువ దగ్గర నిలబడ్డ తల్లిని ప్రభువు శిష్యుడి చేతిలో పెట్టిన మాట. ఆ ఏడాది దాని తర్వాత కమలాకుమారి పేరు రాసిచ్చాను. “రెండేసి నిమిషాలు. అంతకు మించకూడదు,” అని సంతకం పెట్టాడు. సంతకం లేకుండా ఆయన దగ్గర ప్రార్థన కూడా కదలదు.

ఆరోజు మూడో మాట వసంత్ కుంజ్‌లో ఉండే ఒక డైరెక్టరు గారికి దక్కింది. తల్లిప్రేమ అంటూ మొదలెట్టి, వాళ్ళమ్మ వేసే పెసరట్ల దగ్గరికి వచ్చాడు. కడుపులు మాడుతున్న జనం ముందు పెసరట్లు! ఎట్టకేలకు ఆయన కూర్చున్నాక అందరం తలలు వంచి కళ్ళు మూసుకున్నాం. కమలాకుమారి చాప మీంచి లేచి, తల మీద కొంగు సర్దుకుంది.

“ప్రభువా, మీ అమ్మకి నీ దగ్గర నిలబడే చోటన్నా దొరికింది. నాకు నా బిడ్డ మొహం కూడా దక్కలేదు. పెట్టె మూసేసి తెచ్చారు తండ్రీ. ఈ మందిరంలో వాడి పేరు చదవకూడదంట. అందుకని నీకే చెప్పుకుంటున్నా. వాడి పేరు ఉదయ్‌కిరణ్. క్రిస్మస్ నాటకంలో గొర్రెలకాపరి వేషం వేస్తే గడ్డం ఊడిపోయింది, అందరూ నవ్వారు, నీకు గుర్తుండే ఉంటాడు. వాడి పెళ్ళాం హర్‌ప్రీత్‌కి నేనే దిక్కు, నాకు ఆ పిల్లే దిక్కు. మమ్మల్నిద్దర్నీ ఒకళ్ళ చేతిలో ఒకళ్ళని పెట్టు తండ్రీ…”

“ఆమెన్!” అని అరిచాడు భీమారావు.

ప్రార్థన చేసేవాళ్ళు ముగించకుండా మరొకరు ఆమెన్ అనకూడదు. మాలో చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. ఆయన వెనక ఒక్క గొంతూ కలవలేదు. కమలాకుమారి మాత్రం బెదిరిపోయి ఆగిపోయింది. హాలంతా కళ్ళు మూసుకునే ఉంది.

అప్పుడు ముందు వరసలోంచి ఇంకో ఆడగొంతు లేచింది. అది భీమారావు గారి భార్య మాణిక్యాంబది. పద్నాలుగేళ్ళలో ఆవిడ నోట నేను “వందనాలండీ” తప్ప వినలేదు.

“ప్రభువా, మా అబ్బాయి వరప్రసాద్ కూడా గుళ్ళోనే తాళి కట్టాడు. మూడేళ్ళయింది. వాడి పేరు ఇంకా రిజిస్టరులో ఉంది. కొట్టొద్దని నేను మా ఆయన కాళ్ళు పట్టుకున్నాను, ఆయన విన్నాడు. కమల కాళ్ళు పట్టుకుంటే వినలేదు. నాకు తెలిసీ నోరు మూసుకున్నాను, నన్ను క్షమించు తండ్రీ. ఉదయ్‌కిరణ్‌ని నీ దగ్గర పెట్టుకో. యేసు నామంలో అడుగుతున్నాం, ఆమెన్.”

ఈసారి ఆమెన్ అన్నారు చూడండి! చాపలూ అన్నాయి, బెంచీ అంది, కుర్చీలూ అన్నాయి. పెసరట్ల డైరెక్టరు గారు కూడా అన్నాడు. గుడ్ ఫ్రైడేకని ఆగ్రా నుంచి వచ్చిన, నోట్లో నాలుక లేని పాస్టరు గారు లేచి, “ఉదయ్‌కిరణ్ జ్ఞాపకార్థం అందరం ఒక్క నిమిషం నిలబడదాం,” అన్నారు. కమలాకుమారి నా చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

తర్వాతది నాలుగో మాట. భీమారావు గారు కాగితాల కట్ట పట్టుకుని వేదిక ఎక్కాడు. వాక్యం చదివాడు. గొంతు వణికింది, ఎప్పుడూ వణికే చోట కాదు. కాగితాలు అటూ ఇటూ తిప్పి, ప్రసంగం చెయ్యకుండానే దిగిపోయాడు. నాకు జాలి వెయ్యలేదు. ఇప్పటికీ వెయ్యడం లేదు.

ఈస్టరు తర్వాత కార్యదర్శి పదవి వదిలేసి, రిజిస్టరు తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. ఇంటికెళ్ళాక తెరిచి చూశాను. వరప్రసాద్ పేరు మీద గీత లేదు. ఉదయ్‌కిరణ్ పేరు మీద ఎర్రగీత అలాగే ఉంది. దాని కింద అదే ముత్యాల్లాంటి చేతిరాతతో ఆ పేరు మళ్ళీ రాసి ఉంది, పక్కనే హర్‌ప్రీత్ పేరు. తేదీ లేదు. ఆ రిజిస్టరు మొత్తంలో భీమారావు గారు సంతకం పెట్టకుండా రాసింది ఆ ఒక్క వరసే.