నిలబడి చెప్పిన జవాబులు

ఇంజనీరింగులో నా పక్కన కూర్చునే అమ్మాయి రోజూ రేపల్లె నుంచి రైల్లో తెనాలి వచ్చి, అక్కణ్ణించి కాలేజీ బస్సెక్కేది. ఎవరు ప్రశ్న అడిగినా లేచి నిలబడి జవాబు చెప్పేది. చిన్నప్పుడు బళ్లో పడిన అలవాటు. క్యాంటీన్లో నేను సందేహం అడిగినా సగం లేచేది. ప్రోగ్రాంలో తప్పెక్కడుందో మా క్లాసులో ముందు పట్టుకునేది ఆమే.

ఆఖరి ఏడాది ఒక కంపెనీ ఆన్‌లైన్లో ఇంటర్వ్యూ పెట్టింది. నా వంతు కోసం ల్యాబు గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. మొదటి ప్రశ్నకే ఆమె లేచింది. ల్యాప్‌టాప్ తెరమీద ముఖం పోయి చున్నీ మిగిలింది. కూర్చోమన్నారు, కూర్చుంది. రెండో ప్రశ్నకు మళ్లీ లేచింది. అవతల ఎవరో నవ్వారు. జవాబులన్నీ సరైనవే. ఉద్యోగం మాత్రం రాలేదు.

"ఇంకో కంపెనీ వస్తోందిగా, పేరివ్వు," అన్నాను బస్సులో.

"వద్దులేవే. కూర్చుంటే నాకు మాట రావట్లేదు," అంది. ఆ తర్వాత ఏ ఇంటర్వ్యూకీ రాలేదు.

మొన్న మా అక్క కూతుర్ని చేర్చడానికి బాపట్లలో ఒక ప్రైవేటు స్కూలుకి వెళ్తే, అక్కడ ఆమె మూడో తరగతికి లెక్కలు చెబుతూ కనిపించింది. ఎక్కం అడగ్గానే ఒక పాప లేచింది.

"కూర్చునే చెప్పమ్మా," అంది ఆమె.

పాప కూర్చోలేదు. "కూర్చుంటే హెడ్ సార్ కొడతారు మేడమ్."

ఆమె ఒకసారి వరండా వైపు చూసింది.

"సరే, నిలబడే చెప్పు."