పుట్టింటివాళ్లు లేని సంఖ్య

ఎమ్మెస్సీ మొదటి ఏడాది చదివే రోజుల్లో మనిషికి లెక్కలు వస్తాయో రావో గానీ, పొగరు మాత్రం తప్పకుండా వస్తుంది. నాకైతే కాస్త ఎక్కువే వచ్చింది. ప్రపంచంలో ఇంతవరకూ ఎవరికీ దొరకనంత పెద్ద ప్రధాన సంఖ్యని పట్టుకుంటానని కాలేజీ అంతా టాంటాం వేసి, వేసవి సెలవులకి చిలకలూరిపేట పక్కన మా ఊరొచ్చాను. ఇంటర్నెట్‌లో అలా వెతికేవాళ్ల గుంపు ఒకటుంది, అడిగితే మనకీ ఓ సంఖ్య ఇస్తారు. నాకిచ్చింది రెండుని రెండుతో కోట్ల సార్లు హెచ్చవేసి, ఒకటి తీసేస్తే వచ్చేది (రాయాలంటే మా మిరపకాయల కల్లం నిండా కాగితాలు పరిచినా చాలవు). దాన్ని పరీక్షించడానికి లాప్‌టాప్ నలభై రోజులు ఆగకుండా నడవాలి. ప్రధానమని తేలితే నా పేరు మోగిపోతుంది, తేలకపోతే కాలేజీలో తలెత్తుకోలేను.

నలభై రోజులనగానే నాయనమ్మ అదేదో దీక్ష అనుకుంది. కల్లంలో కాయల్ని మా అమ్మకి అప్పజెప్పి, లాప్‌టాప్ పక్కనే పీట వేసుకుంది. అది వేడెక్కితే విసనకర్రతో విసిరేది. కరెంటు పోతే పసిపిల్లలా చంకనెత్తుకుని, ఇన్వర్టర్ ఉన్న ఎదురింటికి పరుగెత్తేది (మోకాళ్ల నొప్పులని గుడికి కూడా ఆటోలో వెళ్లే మనిషి!).

"ఇంతకీ ఏం తేలాలే అమ్మాయ్?" అంది ఓ రోజు.

"తనూ, ఒకటీ తప్ప ఇంకెవరూ దాన్ని భాగించకూడదు నాయనమ్మా."

"ఒకటి అందరికీ ఉండేదేగా! అంటే దీనికంటూ ఎవరూ లేరన్నమాట. పుట్టింటివాళ్లు లేని ఆడపిల్ల, పాపం."

నేను పగలబడి నవ్వాను. నాయనమ్మకి చిన్నప్పుడే అమ్మా నాన్నా పోయారనీ, చీర పెట్టడానికి తోబుట్టువంటూ ఎవరూ లేరనీ నా లెక్కల బుర్రకి తట్టనేలేదు. ఆ రోజు నుంచి పొద్దున్నే దేవుడికి దీపం పెట్టి, లాప్‌టాప్ వైపు తిరిగి ఇంకో దణ్ణం పెట్టేది. నాకోసమేనని తెగ మురిసిపోయాను.

చివరికి ఫలితం వచ్చింది. ప్రధాన సంఖ్య కాదు. మంచం మీద బోర్లా పడి భోరుమన్నాను.

"ఏమైందే?"

"దాన్ని భాగించేవాళ్లు ఉన్నారంట!"

"నా తల్లే! మొక్కు ఫలించింది!" అంటూ వంటింట్లోకి ఉరికింది.

"ఏమని మొక్కావు?"

"దానికీ ఎవరో ఒకరు ఉండాలని."

నలభై రోజులూ నా పక్కనే కూర్చుని, నాకు ఎసరు పెట్టింది మహాతల్లి! పైగా చలిమిడి చేసుకొచ్చింది, ఆడపిల్లకి పుట్టింటివాళ్లు పెట్టేది అదేగా అంటూ.

"ఎవరటే వాళ్లు?"

"తెలీదు. ఉన్నారని మాత్రమే తేలుతుంది ఈ పరీక్షలో. ఎవరో చెప్పదు."

"ఎక్కడో ఒకచోట ఉన్నారుగా. అది చాల్లే" అంటూ ముద్ద నా నోటి దగ్గర పెట్టింది. నేను మూతి తిప్పుకున్నాను.

ఇప్పుడు గుంటూరులో పిల్లలకి ఆ ప్రధాన సంఖ్యల పాఠమే చెబుతున్నాను. "ఎవరో తెలియకుండా, ఉన్నారని ఎలా చెప్పగలం మేడమ్?" అంటారు. బోర్డు మీద నిరూపణ రాస్తూ నాలో నేనే నవ్వుకుంటాను. నాయనమ్మ లేదిప్పుడు. పక్కనే ఉండి కూడా ఆ రోజు "నీకు నేనున్నానుగా" అని ఒక్క మాట అనకుండా, చలిమిడి వద్దని అలిగి కూర్చున్నాను, మొద్దు పిల్లని.