అందరికీ కనిపించిన మా ఆయన

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. బడిలో పిల్లలకు సామాన్యశాస్త్రం చెప్పి బతికినదాన్ని. చెట్టు కింద ఏదో తెల్లగా కదిలిందని ఎవరైనా అంటే, వెళ్ళి చూసి, అది ఆరేసిన పంచె అని తేల్చి వచ్చే రకం. అనుమానం పెనుభూతం అంటారే, నాకు తెలిసిన భూతం అదొక్కటే. అది మాత్రం నాతోనే కాపురం చేసింది.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఇందులో చచ్చిపోయినవాళ్ళు ఎవరూ లేరు. మా ఆయన నిక్షేపంగా ఉన్నాడు. నేను ఇది రాస్తుంటే పక్క గదిలో పేపరు చదువుకుంటున్నాడు. అందుకే దీన్ని ఏ ఖాతాలో వేయాలో నాకు ఇన్నేళ్ళయినా తెలియలేదు.

తొంభైల నాటి సంగతి. మాది భీమవరం వైపు. పెళ్ళయ్యాక శంషాబాద్‌లో కాపురం పెట్టాం. ఇప్పుడు విమానాశ్రయం ఉన్నవైపు అప్పట్లో బండరాళ్ళు, ద్రాక్షతోటలు, మేకలు. మా ఆయన రాఘవ ఒక తెలుగు దినపత్రికలో కుర్ర విలేకరి. గగన్‌పహాడ్ ఫ్యాక్టరీల నుంచి పహాడీ షరీఫ్ దాకా ఎక్కడ ఏం జరిగినా ఆయనే రాయాలి. నేను ఊళ్ళోనే ఒక ప్రైవేటు బడిలో చేరాను. జుబేదా ఆపా అనే పెద్దావిడ ఇంట్లో ముందు పోర్షన్ అద్దెకు తీసుకున్నాం.

ఆ రోజుల్లో మా ఆయన వార్తలు బస్సులో వెళ్ళేవి. రాసినవన్నీ కవరులో పెట్టి, మధ్యాహ్నం సిటీకి వెళ్ళే ఎర్రబస్సు డ్రైవరు చేతికి ఇచ్చేవాడు. అక్కడ బస్టాండులో ఆఫీసు మనిషి దాన్ని అందుకునేవాడు. యాదగిరి చాయ్ హోటల్ ముందు ఈయన నిలబడితే చాలు, డ్రైవరు నర్సింలు బండి నెమ్మది చేసేవాడు. వార్తలేమీ లేని రోజున కూడా ఈయన వెళ్ళి నిలబడి, ఖాళీ చేతులు చూపించి "ఇయ్యాల ఏం లేదన్నా" అని చెప్పి పంపేవాడు. లేకపోతే పాపం నర్సింలు ఎదురుచూస్తాడట. నేను అన్నం వండి ఎదురుచూస్తే మాత్రం ఆ జాలి ఉండేది కాదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా ఆయన మకామే రచ్చలో. ఏ ఫ్యాక్టరీ మూతపడింది, ఎవరి తోటలో ఎవరు కొట్టుకున్నారు అన్నీ ముందు యాదగిరికి తెలిసేవి. ఇంటికి వచ్చేసరికి ఆయన దగ్గర మాటలు అయిపోయేవి. మిగిలింది నేను మర్నాడు పేపర్లో చదువుకోవాలి. నాకు కడుపు మండేది. ఆడవాళ్ళ మీద అసూయ పడే భార్యలుంటారు. నేను చాయ్ హోటల్ మీద, ఎర్రబస్సు మీద పడ్డాను.

అలాంటి రోజుల్లో పత్రికవాళ్ళు ఆయనను గల్ఫ్‌కి పంపుతున్నారని తెలిసింది. అక్కడి లేబర్ క్యాంపుల్లో మన తెలుగువాళ్ళు ఎలా బతుకుతున్నారో చూసి వరసగా వ్యాసాలు రాయాలి. ఆయన బయలుదేరే రోజు వీధి వీధంతా సాగనంపడానికి వచ్చింది. నాకు ఏడుద్దామంటే చోటు లేదు.

వెళ్ళిన మొదట్లో ఫోన్లు బాగానే వచ్చాయి. ఫోన్ ఉన్నది యాదగిరి హోటల్లో. మోగగానే ఎవరో ఒకరు బడికి పరిగెత్తుకొచ్చి చెప్పేవారు. నేను చేతికున్న సుద్దపొడి దులుపుకుంటూ వెళ్ళేసరికి, అక్కడి ఎండలు, అక్కడి తిండి, అక్కడి రోడ్లు అన్నీ యాదగిరికి చెప్పేసి ఉండేవాడు. నాకు మిగిలేది "బాగున్నావా, తిన్నావా". అక్కడ ఏం చూశాడో, ఎవరి కష్టం విని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడో నేను కూడా ఊరందరితో పాటు పేపర్లోనే చదివాను.

తరవాత ఫోన్లు ఆగిపోయాయి. పేపర్లో వ్యాసాలూ ఆగిపోయాయి. ఆఫీసుకు ఫోన్ చేస్తే, లైన్లు సరిగా లేవమ్మా అన్నారు. నమ్మాను.

అప్పుడే ఒక సాయంత్రం బడి నుంచి వస్తుంటే జుబేదా ఆపా గేటు దగ్గర ఆపింది.

"బేటీ, మీ సారు ఎప్పుడొచ్చిండు? చెప్పనే లేదు నువ్వు."

రాలేదన్నాను. ఆవిడ నవ్వింది.

"ఏంది, మజాక్ చేస్తవా? మధ్యాహ్నం ఈ గేటు కాడనే నిలబడె. సలాం అంటే సలాం అన్నడు. లోపలికి పో బాబూ అంటే, వద్దని తలూపి ఎల్లిపోయిండు. జర సన్నగయిండు పాపం."

ఆపాకు చూపు తగ్గింది, ఎవరినో చూసి ఉంటుంది అనుకున్నాను. కానీ మర్నాడు హోటల్ ముందు నుంచి పోతుంటే యాదగిరి కేకేశాడు.

"అక్కా, సార్‌కు ఏమైంది? వస్తడు, బెంచీ మీద కూసుంటడు, చాయ్ పోసి తెచ్చేటాలకు ఉండడు. నా మీద ఏమన్న కోపమా?"

యాదగిరి కళ్ళకు ఏ రోగమూ లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. దయ్యం అని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. ఈయన అసలు దేశమే దాటలేదు అనుకున్నాను. బొంబాయి దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, ఎక్కడో ఇంకో కాపురం పెట్టాడు. వ్యాసాలదేముంది, ఇక్కడ కూర్చుని కూడా రాయొచ్చు. ఫోన్లో అది గల్ఫో, పక్కూరు జల్‌పల్లో ఎవరికి తెలుసు? రాత్రంతా ఇదే ఆలోచన. తెల్లారేసరికి ఆ రెండో ఇల్లాలికి నేను పేరు కూడా పెట్టేశాను. సుజాత.

సుజాత గగన్‌పహాడ్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయి. కూలి పెంచమని ఆడవాళ్ళనందరినీ కూడగట్టి గేటు ముందు కూర్చోబెట్టింది. మా ఆయన ఆమె గురించి పేపర్లో ఫోటోతో సహా రాశాడు. "ఎంత ధైర్యమో ఆ పిల్లకి" అని ఇంట్లో ఒకసారి అన్నాడు. ఆ ఒక్క మాటను నేను భద్రంగా దాచుకున్నాను.

బడికి సెలవు పెట్టి వెళ్ళాను. షిఫ్టు వదిలే వేళకు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆమెను పట్టుకుని, మా ఆయన ఎక్కడున్నాడు అని నిలదీశాను. ఆ అమ్మాయి బెదరలేదు. జాలిగా చూసింది.

"నేనే నిన్నడుగుదామనుకున్న అక్కా. అన్న మొన్న గేటవతల కనవడ్డడు. గట్ల చూస్తనే ఉన్నడు. నేను బయటికొచ్చేవరకు లేడు. పానం మంచిగ లేదా ఏంది?"

అన్న అంటుంటే ఆ గొంతులో ఏ కల్మషమూ లేదు. అబద్ధం చెప్పే మొహం కాదు. నాకు ఊరట కలగాలి. కలగలేదు. చివరికి ఈ పిల్లకు కూడా కనిపించాడా అని, అక్కడే రోడ్డు మీద ఏడుపు తన్నుకొచ్చింది.

తిరిగొచ్చి యాదగిరి హోటల్ నుంచి ఆఫీసుకు ఫోన్ చేసి, నిజం చెప్పకపోతే వచ్చి కూర్చుంటానని గొడవ చేశాను. డెస్కులో ఉండే పెద్దాయన కాసేపు నసిగి, చివరికి చెప్పాడు. క్యాంపులో కూలీలతో మాట్లాడుతుండగా అక్కడి మేస్త్రీలు ఈయన్ను పట్టుకున్నారట. పాస్‌పోర్టు లాక్కుని ఒక గదిలో పెట్టి తాళం వేశారట. మన కూలీలే కిటికీలోంచి రొట్టెలు అందిస్తున్నారట. విడిపించే ప్రయత్నాలు జరుగుతున్నాయట, నేను కంగారు పడతానని చెప్పలేదట.

"నిన్న కూడా మనవాళ్ళు ఆయన్ను చూసి మాట్లాడారమ్మా. ప్రాణానికేం భయం లేదు" అన్నాడు.

అంటే ఆయన అక్కడే ఉన్నాడు. నాకు అబద్ధం చెప్పలేదు. మరి ఇక్కడ తిరుగుతున్నది ఎవరు?

భయపడ్డాను. కానీ దాచడం దేనికి, భయం కన్నా పెద్దది ఇంకొకటి లోపల కూర్చుంది. ఆపాకు, యాదగిరికి, సుజాతకు కనిపించినవాడు నాకెందుకు కనిపించడు? నేను ఆయనకు ఏమీ కానా?

మర్నాడు మధ్యాహ్నం బడిలో అనుమతి తీసుకుని, యాదగిరి హోటల్ ముందు ఆయన నిలబడే చోటే నిలబడ్డాను. ఎండ చుర్రుమంటోంది. నా పక్కన ఎవరూ లేరు. ఈ మాట నేను ఎవరి మీదైనా ఒట్టేసి చెప్పగలను.

నర్సింలు బస్సు వచ్చింది. మామూలుగానే నెమ్మదించింది. నర్సింలు కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. నా వైపు కాదు. నా పక్కకు.

"ఇయ్యాల గూడ ఏం లేదా సార్? మంచిది, పోతున్న ఇగ."

మెట్టు మీద నిలబడిన కండక్టరు కూడా నా పక్కకే చూసి తలూపాడు. నేను గిరుక్కున తిరిగాను. ఎర్రటి దుమ్ము తప్ప ఏమీ లేదు.

"ఎవరితో మాట్లాడుతున్నావు?" అని అరిచాను.

నర్సింలు విచిత్రంగా చూశాడు. "గదేందమ్మా, సార్‌తోని. నీ పక్కపొంటే ఉండె గదా!"

బస్సు వెళ్ళిపోయింది. నేను ఆ ఖాళీ చోటు వైపు తిరిగి తిట్టడం మొదలుపెట్టాను. ఏమండీ, బస్సు డ్రైవరుకు కనిపిస్తారు, నాకు కనిపించడానికి ఏం రోగం అన్నాను. మీ కోసం అన్నం మానేసి ఏడుస్తున్నది నర్సింలా నేనా అన్నాను. జామకాయలు అమ్ముకునే ఆవిడ బుట్ట దించి నన్నే చూస్తూ నిలబడిపోయింది. యాదగిరి వచ్చి, "ఇంటికి పోదాం నడు అక్కా" అని మెల్లగా ఇంటి దాకా దిగబెట్టాడు.

ఆ తరవాత ఎవరికీ ఆయన కనిపించలేదు. కొద్దిరోజులకే విడుదలయ్యాడని ఆఫీసు నుంచి కబురు వచ్చింది. బొంబాయి మీదుగా రైల్లో వచ్చాడు. ఈసారి ఎవరికంటే ముందు నేనే చూడాలని నాంపల్లి స్టేషనుకు ఒక్కదాన్నే వెళ్ళాను. మనిషి సగమైపోయాడు. శంషాబాద్ బస్సులో పక్కన కూర్చుని, ఇక్కడ జరిగిన వాటిలో ఒక్క ముక్క కూడా చెప్పకుండా, ముందు నేనే అడిగాను.

"ఆ గదిలో రోజంతా ఏం చేసేవారు?"

"తలుచుకుంటూ కూర్చునేవాణ్ణి. లేకపోతే పిచ్చెక్కేది. మనసులోనే మన ఊళ్ళో ఒక చుట్టు తిరిగొచ్చేవాణ్ణి. ఆపాకు సలాం చెప్పేవాణ్ణి. యాదగిరి బెంచీ మీద కూర్చునేవాణ్ణి. సుజాత వాళ్ళు ఏమయ్యారో చూసొచ్చేవాణ్ణి. మధ్యాహ్నం నర్సింలు వచ్చే వేళకు వెళ్ళి, ఏం లేదన్నా అని చెప్పేవాణ్ణి."



"మరి నా దగ్గరికి?"

చేతిలోని బస్సు టికెట్టును సన్నగా మడిచాడు.

"మొదటిరోజు నీ దగ్గరికే బయలుదేరాను. గేటు చూడగానే ఏడుపు ఆగలేదు. ఏడుస్తూ కూర్చుంటే అక్కడ బతకలేనని తెలిసింది. అందుకని గేటు దాకా వచ్చి, లోపలికి రాకుండా తిరిగి వెళ్ళిపోయేవాణ్ణి."

ఒక మనిషి ఎక్కడో తాళం వేసిన గదిలో కూర్చుని తలుచుకుంటే, ఇక్కడ నలుగురి కళ్ళకు ఎలా కనిపిస్తాడు? నాకు తెలియదు. ఆ నలుగురూ కూడబలుక్కుని చెప్పారనడానికి లేదు. సుజాతకు నర్సింలు ఎవరో కూడా తెలియదు. ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు జవాబు దొరకలేదు, ఇక దొరుకుతుందనే ఆశా లేదు.

విన్నవాళ్ళంతా నేనంటే ఆయనకు అంత ప్రేమ అని మురిసిపోతారు. నేను మురిసిపోలేదు. ఆపా చూసింది, యాదగిరి చూశాడు, కండక్టరు కూడా చూశాడు. ఏడిస్తే ఏడ్చేవాడు. ఒక్కసారి లోపలికి వచ్చి ఉండాల్సింది.