వేణక్క బిగించని బోల్టులు

మా పక్కింటి వీరవేణి గారు, అంటే మా వేణక్క, ఏ బోల్టునీ చివరిదాకా బిగించదు. ఆవిడ గురించి పేపర్లో రాయదలుచుకుంటే మొదట రాయాల్సిన ముక్క ఇది. పోయిన ఏడాది జిల్లా పేజీలో ఆవిడ కట్టిన కారు ఫొటో వేసి, కింద ‘విశ్రాంత రైల్వే గార్డు తాతాజీ చేతుల్లో ప్రాణం పోసుకున్న పాతకాలపు కారు’ అని రాశారు. తాతాజీ గారు ఆవిడ భర్త. ఆ కారు విషయంలో ఆయన చేతులు చేసిన పనల్లా ఫొటో కోసం బానెట్ మీద ఆనడమే. కారు కట్టిన మనిషి ఫొటో అంచున ఉంది, మోచెయ్యి వరకు. మిగతా మనిషిని కత్తిరించేశారు.

నేను పేపరు పట్టుకుని గోడ దూకినంత పని చేశాను. "ఊరుకోకూడదు అక్కా, ఎడిటరుకి రాద్దాం" అన్నాను. ఆవిడ పేపరు దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి, "మోచెయ్యి బాగానే పడిందే సారికా" అంది. ఆ సాయంత్రం మడ్‌గార్డుకి రంగు వేస్తూ అదే పేపరు కింద పరుచుకుంది.

కారు చూడ్డానికి వచ్చేవాళ్ళు కూడా, చేతిలో పానాతో, ముక్కు మీద గ్రీజుతో నిలబడ్డ ఆవిడనే అడుగుతారు: "అయ్యగారు లేరాండి? కారు గురించి కనుక్కుందామని." ఆవిడ "ఉన్నారండి, పడుకున్నారు" అని చెప్పి మళ్ళీ కారు కిందకి దూరుతుంది. నాకు ఒళ్ళు మండుతుంది. ఆవిడకి మండదు.

సరే, బోల్టుల సంగతికి వస్తాను. వేణక్క తండ్రి తణుకులో లారీలకి బాడీలు కట్టే షెడ్డు నడిపేవాడు. రేకులు కూర్చడం చూస్తూ పెరిగిన పిల్ల. అక్కడ పట్టుకున్న సూత్రం ఒకటి ఉంది: "అన్నీ వాటి చోట్లో కూర్చున్నాకే బిగించాలి. ముందే బిగిస్తే ఒకటి సుఖపడుతుంది, దాని పక్కది ఏడుస్తుంది." మంచి సూత్రమే. కానీ ఆవిడ ఇంట్లో ఏదీ ఎప్పుడూ దాని చోట్లో కూర్చున్నట్టు ఆవిడకి అనిపించదు. కుర్చీలు కూర్చోవు. వాటిని నమ్మి కూర్చున్నవాళ్ళు నేల మీద కూర్చుంటారు. పచ్చడి జాడీని మూత పట్టుకుని ఎత్తితే చేతిలో మూతే మిగులుతుంది.

ఒకసారి తాతాజీ గారు ఒంటినిండా సబ్బుతో ఉండగా షవరు ఊడి నెత్తిన పడింది.

"వేణీ!"

"ఇంకా బిగించలేదండి. లైను చూద్దామని ఉంచాను."

"పెట్టి మూడేళ్ళయిందే! షవరుకి లైనేంటే?"

ఆవిడ చెల్లెలి కూతురు దుర్గాశ్రీ పెళ్ళి మాటల్లోనూ అంతే. పెద్దలు తాంబూలాలు మార్చుకోబోతుంటే వేణక్క చెయ్యి అడ్డం పెట్టింది. "కొంచెం వదులుగా ఉంచండి. అబ్బాయి రెండు వైపులా సమానంగా ఉన్నాడో లేదో చూసుకుని బిగిద్దాం" అంది. పెళ్ళికొడుకు తండ్రి గాభరాగా కొడుకు భుజాల వంక చూశాడు.

అలాంటి మనిషి కారు కట్టింది. ఛాసిస్ పాత జీపుది. తలుపులు రెండూ విశాఖపట్నం తుక్కు దుకాణంలో దొరికాయి, ఒకదాని మొహం ఒకటి ఎరగనివి. ఏనుగు చెవుల్లాంటి ముందు మడ్‌గార్డులు ఆవిడే రేకు కొట్టి వంచింది. మధ్యలో కీలు పెట్టి రెండు వైపులా రెక్కల్లా తెరుచుకునే బానెట్ కూడా సొంతదే. చూస్తే మన తాతలు కలగని ఉంటారే అనిపించే కారు. చిక్కల్లా ఈ ముక్కల మధ్య సందులతోనే. తలుపుకీ దాని చుట్టూ ఉన్న రేకుకీ మధ్య సందు పైనుంచి కిందదాకా ఒకేలా ఉండాలి. కొలవడానికి ఆవిడ చీపురులోంచి కొబ్బరి ఈనె ఒకటి లాగుతుంది. ఈనె ఎక్కడా ఇరుక్కోకుండా, ఎక్కడా జారకుండా సందు చుట్టూ తిరిగి రావాలి. తలుపు కుదిరితే మడ్‌గార్డు అలుగుతుంది. దాన్ని బుజ్జగిస్తే బానెట్ మూతి ముడుచుకుంటుంది. బానెట్‌ని సర్దేసరికి మళ్ళీ తలుపు.

తలుపు బరువు. సందు చూసేంతసేపూ ఎవరో ఒకరు దాన్ని మోస్తూ ఉండాలి. అందుకు రోజూ వెనక వీధిలోంచి గంగయ్య బాబాయ్ వస్తాడు. వయసులో ఉండగా బియ్యం మిల్లులో బస్తాలు మోసిన మనిషి. కాలు ఈడుస్తాడు గానీ భుజం మాత్రం ఇప్పటికీ అరుగులా ఉంటుంది. ఒక స్టూలు మీద కూర్చుని, తువ్వాలు మడిచి భుజాన వేసుకుని, తలుపుని దానిమీద నిలబెట్టుకుంటాడు.

"కాస్త పైకి బాబాయ్."

"ఆయ్."

"అంత కాదు, ఈనె సగమంత."

"నా భుజానికి ఈనె సగాలు తెలీవమ్మా. బస్తాలైతే చెప్పు."

పని అయ్యాక ముగ్గురూ కలిసి భోంచేస్తారు. తాతాజీ గారు మొహం ముడుచుకునే తింటారు. ఎందుకంటే రాజమండ్రిలో ఏటా జరిగే పాతకార్ల ప్రదర్శనకి వెళ్ళాలని ఆయన కోరిక. టోపీ కొన్నారు. ఎర్ర మఫ్లరు కొన్నారు. కారు మాత్రం ప్రతి ఏడూ "ఇంకొక్క తలుపు కుదరాలండి" దగ్గరే ఉంటోంది.

ఓసారి ఉండబట్టలేక, బోల్టులు వదులుగా ఉన్నాయని తెలిసీ, మమ్మల్నందరినీ ఎక్కించుకుని రైలు గేటు దాకా తీశారు. నేను ఒక తలుపుని చున్నీతో కట్టి పట్టుకున్నాను. రెండోదాన్ని గంగయ్య బాబాయ్ లోపలినుంచి కౌగిలించుకున్నాడు. గేటు దగ్గర గతుకు రాగానే నా తలుపు చున్నీతో సహా దిగిపోయింది. కారు ఇంకాస్త ముందుకెళ్ళి ఆగిపోయింది. తాతాజీ గారు పరువు పోకుండా, ఏదో కొనుక్కొస్తున్నవాడిలా, తలుపుని చంకన పెట్టుకుని నడిచారు. గేటు దగ్గర కాపలా ఆయన పాత రైల్వే స్నేహితుడే.

"ఏంటండి తాతాజీ గారూ, తలుపు తెచ్చుకున్నారు, కారేదండి?"

అప్పటినుంచి నిడదవోలులో ఆయన ఎటు వెళ్ళినా ఈ ప్రశ్న ముందే వెళ్ళి కూర్చుంటోంది.

ఆయన పంతం పట్టారు. పోయిన శీతాకాలం పక్కన కూర్చుని మరీ బిగింపించారు. సాయంత్రానికి ఈనె కారంతా సాఫీగా తిరిగొచ్చింది. పొద్దున లేచి చూస్తే ఎడమ తలుపు జారి ఉంది. మళ్ళీ సర్దారు. మర్నాడు తలుపుతో పాటు మడ్‌గార్డు కూడా పక్కకి తిరిగి ఉంది. ఎలుకలన్నారు. ఎండకి రేకు సాగుతోందన్నారు. చివరికి "ఇంటి పక్కనుంచి పోయే గూడ్సు బళ్ళే! ఆ అదురుకి వదులవుతున్నాయి. జీవితమంతా నేను పచ్చజెండా ఊపిన బళ్ళు నా మీదే పగబట్టాయి" అని తేల్చారు. బానెట్‌కి నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు. మర్నాడు మడ్‌గార్డు యథాప్రకారం పక్కకి తిరిగే ఉంది, నిమ్మకాయ మాత్రం చెక్కుచెదరలేదు. నాకూ మతిపోయింది. కారు రెండు కిలోమీటర్లు నడవకుండా, కదలకుండా నించుని వదులైపోవడం ఏమిటి?

ఒకరోజు పొద్దుగూకే వేళ కరివేపాకు కోసం వాళ్ళ పెరట్లోకి వెళ్ళాను. వేణక్క ఎడమ తలుపు పక్కన గొంతుక్కూర్చుని, పానాతో బోల్టు విప్పుతోంది. పగలంతా చెమటోడ్చి కుదిర్చిన తలుపు!

"అక్కా! ఇదేంటి?"

"గట్టిగా అరవకే. ఆయన టీవీ చూస్తున్నారు."

"కుదిరింది కదా, ఎందుకు విప్పుతున్నావ్?"

"కుదిరిపోతే బాబాయ్ రేపు ఎందుకొస్తాడు?"

అప్పుడు చెప్పింది. గంగయ్య బాబాయ్ తుంటి మిల్లులోనే విరిగింది, బస్తా మీద పడి. మిల్లువాళ్ళు ఆస్పత్రి మాట ఎత్తలేదు, నష్టపరిహారం మాట అసలే ఎత్తలేదు. శాలువా కప్పి, చప్పట్లు కొట్టి ఇంటికి పంపారు. మన దగ్గర మనిషిని వదిలించుకోవడానికి శాలువా అంత చవకైన సాధనం ఇంకోటి లేదు. ఇంట్లో కొడుకూ కోడలూ చెడ్డవాళ్ళు కారు, పొద్దున్నే చేపల మార్కెట్‌కి పోతారు. అందరూ ఆయనకి చెప్పేది ఒకటే: "నువ్వు కూర్చో నాన్నా." కూర్చున్నాడు. కూర్చుని కూర్చుని తిండి మానేశాడు. వేణక్క క్యారియరు పంపితే, పంపింది పంపినట్టే తిరిగొచ్చింది. "పని చెయ్యని కూడు గొంతు దిగదమ్మా" అని కబురు.

"అందుకని వెళ్ళి, బాబాయ్, తలుపు జారిపోతోంది, కాస్త భుజం పెడతావా అన్నాను. ఆ పూట రెండుసార్లు మారు అన్నం పెట్టించుకున్నాడే!"

"మరి బావగారి ప్రదర్శన?"

"కారుకేం, ఎప్పుడైనా వెళ్తుంది." మళ్ళీ పానా అందుకుంది. అంతలోనే ఆగి, నొసలు ముడిచి నన్ను చూసింది. "కానీ సారికా, ఒక్కటి నాకు అంతుచిక్కట్లేదు. నేను విప్పేది తలుపొక్కటే. ఒట్టు. ఆ మడ్‌గార్డు ఎవరు విప్పుతున్నారే?"

ఇద్దరం మడ్‌గార్డుని చూస్తూ నిలబడ్డాం. గూడ్సు బండి ఒకటి వెళ్ళింది. మడ్‌గార్డు కదల్లేదు.

ఆ తర్వాతి వారం వేణక్క నరసాపురం పెళ్ళికి వెళ్ళింది. తాతాజీ గారు ఇదే అదను అనుకుని హైవే మీద గ్యారేజీ నుంచి ఉదయ్‌కుమార్ అనే కుర్ర మెకానిక్‌ని పిలిపించారు. అతను గాలితో తిరిగే గన్ను తెచ్చాడు. గుర్రు గుర్రుమంటూ గంటలో కారులో ఉన్న ప్రతి బోల్టునీ ఇక ఏ పానాకీ లొంగనంతగా బిగించేశాడు. సందులన్నీ సరిగ్గా ఈనె మందమే. నిజం చెప్పాలంటే కారు అందంగా కుదిరింది.

సాయంత్రం వేణక్క బస్సు దిగి వచ్చేసరికి గంగయ్య బాబాయ్ గేటు దగ్గర తువ్వాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపలికి వచ్చి, తలుపు అంచు వెంట అరచేత్తో నిమిరాడు.

"బాగా కుదిరిందమ్మా" అన్నాడు.

"భోంచేద్దువుగాని రా బాబాయ్."

"ఇవాళ ఆకల్లేదమ్మా. మరి నేనొస్తా."

వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. నేను వెళ్ళి పిలిస్తే అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చుని, "పనేముందమ్మా" అన్నాడు. పక్కనే కోడలు మూతపెట్టి వెళ్ళిన గిన్నె మూత తీయనే లేదు.

వాళ్ళింటికొస్తే వేణక్క అరవదు, ఏడవదు. ఇల్లంతా తిరుగుతూ బిగిస్తోంది! కుర్చీలు బిగించింది. షవరు బిగించింది. కుళాయి ఎంత బిగించిందంటే తాతాజీ గారు మొహం కడుక్కోవడానికి మా ఇంటికొచ్చారు. ఆవకాయ జాడీ మూత రాక, ఉత్త మజ్జిగన్నం తిన్నారు.

"ముప్పయ్యేళ్ళు బిగించవే బిగించవే అని మొత్తుకున్నాను. ఇప్పుడు బిగిస్తుంటే భయమేస్తోందమ్మా. దీనికేమైంది?" అని నన్నడిగారు. నేను చెప్పాను. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "ముందే చెప్తే నేనే విప్పేవాణ్ణి కదా" అన్నారు.

చెప్పడమే కాదు, విప్పబోయారు కూడా. భార్యాభర్తలిద్దరూ పెద్ద పానాతో కిందా మీదా పడ్డారు. గన్ను బిగించిన బోల్టు బోల్టులాగే ఉంది. ఉదయ్‌కుమార్‌కి ఫోన్ చేస్తే తుని వెళ్ళాడట, నాలుగు రోజులకి గానీ రాడట. గంగయ్య బాబాయ్ ఇంకా నాలుగు రోజులు గోడకి ఆనుకుని కూర్చుంటే ఏమవుతాడో ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

మర్నాడు పొద్దున్నే తాతాజీ గారి కేక వినిపించింది. పరిగెత్తాను. బానెట్ ఒక రెక్క నేలకి వేలాడుతోంది. మడ్‌గార్డు అటు తిరిగి అలిగింది. ఎడమ తలుపు ఒక్క బోల్టు మీద ఊగుతోంది.

"నువ్వేనా?" అన్నారాయన.

"నాకు లొంగలేదని మీరే చూశారు కదండి. మీరేనా?"

"నేనా? నా నడుం చూడు!"

ఇద్దరూ నా వంక తిరిగారు. నేను దండం పెట్టాను.

ఇంతలో గేటు చప్పుడైంది. గంగయ్య బాబాయ్. భుజాన మడిచిన తువ్వాలు, ఊతకర్రకి బదులు చేతిలో బారెడు ఇనప గొట్టం. పానాకి తొడిగి తిప్పితే ఏ బోల్టైనా కన్నతల్లిని తలుచుకునే రకం గొట్టం.

"ఏమ్మా, బానెట్ జారిపోయిందంట కదా?"

"నీకెవరు చెప్పారు బాబాయ్?" అంది వేణక్క.

"అదే... పాలబ్బాయి."

"పాలింకా రాలేదు."

బాబాయ్ గొట్టాన్ని వీపు వెనక్కి పెట్టుకున్నాడు. అది అటూ ఇటూ రెండు వైపులా కనిపిస్తూనే ఉంది. గొంతు తగ్గించి నాతో అన్నాడు: "ఏం లేదమ్మా. కారైపోతే ఈ పిల్లకి ఏం తోస్తుంది చెప్పు? పలకరించే దిక్కుండదు, వచ్చినోళ్ళందరూ ఆయన్నే అడుగుతారు. పాపం అని, పెరటి వైపునుంచొచ్చి అప్పుడప్పుడూ మడ్‌గార్డు ఒకటి ఇలా... నువ్వు చెప్పమాకు. బాధపడుద్ది."

వేణక్కకి వినబడింది. ఏమీ విననట్టే స్టూలు తెచ్చి తలుపు పక్కన వేసింది. "రా బాబాయ్, భుజం పెట్టు" అంది. తాతాజీ గారు టోపీ పెట్టుకుని, ఎవరూ అడగకుండానే చీపురులోంచి ఈనె లాగారు.

ప్రదర్శనకి ఈ ఏడూ వెళ్ళలేదు. కాబట్టి చదివేవారికి నాదొక మనవి. నిడదవోలు వచ్చి ఆ కారు చూస్తే చూడండి, సాయం చేస్తానని పానా మాత్రం పట్టుకోకండి. మీ పక్క మిల్లులో ఎవరికైనా శాలువా కప్పుతుంటే చప్పట్లు కొట్టకండి. నష్టపరిహారం ఎంతిచ్చారని నిలదీయండి. మీ వీధిలోనూ ‘నువ్వు కూర్చో’ అనిపించుకుని గోడకి ఆనుకున్న మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఇవాళే వెళ్ళి ఏదో ఒక పనికి పిలవండి. పిలిచేటప్పుడు జాలిగా పిలవకండి. తలుపు జారిపోతున్నవాళ్ళు పిలిచినట్టు, కంగారుగా పిలవండి.