ఓడ దిగిన మొగుడితో రెండేళ్లు

బిసింగ్‌కి పెళ్లయి ముప్ఫై ఆరేళ్లు. అందులో మొగుడితో ఒకే కప్పు కింద గడిపిన రోజులన్నీ కలిపినా ఆరేళ్లు నిండవు. డోల్ఫో సరుకు ఓడల్లో ఇంజిన్ గది మనిషి. పది నెలలు సముద్రం మీద, రెండు నెలలు సొంతూరు గింబాల్‌లో. ఆ రెండు నెలలూ ఇంట్లో పండగే. ఆయన మళ్లీ ఓడెక్కగానే ఈవిడ తన రాజ్యం తను ఏలుకునేది. ఇద్దరు కూతుళ్లని పెంచింది. ఇంటికి పైకప్పు తనే దగ్గరుండి వేయించింది. చర్చిలో ఆడవాళ్ల సంఘానికి పదకొండేళ్లుగా అధ్యక్షురాలు. ఊళ్లో బిడ్డ పుట్టినా, ముసలాయన పోయినా జనం ముందు పరిగెత్తుకొచ్చేది బిసింగ్ దగ్గరికే.

డోల్ఫో అరవై రెండో ఏట ఓడ దిగాడు. దిగిన నాలుగో నెలలో ఒక ఆదివారం, కంబోడియాలో రెండేళ్ల సేవకి పెద్ద వయసు జంటలు కావాలని పాస్టరు అడగ్గానే చెయ్యెత్తేశాడు. పక్కనున్న పెళ్లాన్ని మాటవరసకైనా అడగలేదు. జనమంతా వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టారు. అధ్యక్షురాలే కాదంటే ఏం బావుంటుంది? ఆవిడా చెయ్యెత్తింది.

అలా ఆ దేశంలో బట్టంబాంగ్ అనే ఊరికి వచ్చి పడ్డారు. కింద ప్రార్థన హాలు, మీద రెండు గదులు, ముందు ఊచలేసిన వరండా. పొద్దున పిల్లలకి గంజి పొయ్యడం, తర్వాత ఇంగ్లీషు పాఠం, సాయంత్రం ప్రార్థన. శుక్రవారం నివేదిక. పాస్‌పోర్టులు వీసా పనికని, వాళ్లని తెచ్చిన క్రైస్తవ మిషన్ ఆఫీసు బీరువాలో ఉన్నాయి. జంటగా వచ్చినవాళ్లు జంటగానే బయటికెళ్లాలన్నది మిషన్ నియమం. ఆ ఊరి భాష ఇద్దరికీ రాదు. ఇక పొద్దున లేస్తే ఆవిడకి ఆయన, ఆయనకి ఆవిడ.

డోల్ఫో ఆ రెండు గదుల్నీ ఓడని చేశాడు. ఐదింటికి లేపేవాడు. ఎవరు ఎప్పుడు ఏం చెయ్యాలో కాగితం మీద గీసి గోడకి అంటించాడు. గ్యాసు ట్యూబు రోజుకి రెండుసార్లు వాసన చూసేవాడు. ఆవిడ వంటింటి డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం సర్ది, మూతల మీద పేర్లు రాశాడు. ఇంజిన్ల మోతకి చెవులు సగం పోయాయేమో, ఉప్పందించమన్నా వీధి చివరిదాకా వినపడేది.

"వెల్లుల్లి ఇందులో ఎందుకుంది?" అనేవాడు.

"నేను పెట్టాను కాబట్టి."

"దాని చోటు అది కాదు."

"నా చోటెక్కడో కూడా ఒక చీటీ రాసి అంటించు, పోయి అక్కడే కూర్చుంటా."

ఆయనకి సగం వినపడేది కాదు. వినపడిన సగానికి నవ్వేవాడు.

ఏడో నెల వచ్చేసరికి బిసింగ్ స్నానాలగదిలో బకెట్టు బోర్లించుకుని కూర్చోవడం నేర్చుకుంది. తలుపు గడియ వేసుకుని పది నిమిషాలు. ఏమీ చేసేది కాదు, ఊరికే కూర్చునేది. ఎనిమిదో నిమిషంలో తలుపు చప్పుడయ్యేది. "ఏమే, బాగానే ఉన్నావా?"

ఒక మంగళవారం ఆయన కింద పాఠం చెబుతుండగా బిసింగ్ సంచీ పట్టుకుని గేటు దాటింది. ముందే అనుకుని చేసింది కాదు. గేటు తీసి ఉంది, కాళ్లు నడిచాయి. నది పక్క బజారులో ఫల్లా అనే చేపలమ్మే ఆవిడ తెలుసు. పేరు ఒక్కటే తెలుసు. ఆ రోజు ఫల్లా ముందు తొట్టి నిండా చేపలున్నాయి, చేతికి గుడ్డ కట్టుంది. బిసింగ్ కత్తిపీట తన వైపు లాక్కుంది. ఫల్లా ఒకసారి ఎగాదిగా చూసి, కూర్చోమని పీట జరిపింది. ఒకరి భాష ఒకరికి రాదు. ఫల్లా ఏదో అని పకపకా నవ్వితే ఈవిడ తన భాషలో "అవునవును, మొగుళ్లంతా అంతేనమ్మా" అని నవ్వింది. మూడు గంటలు పొలుసు గీసింది. నెలల తర్వాత గుండెల నిండా ఊపిరి తీసుకుంది, అదీ చేపల కంపులో.

తిరిగొచ్చేసరికి గేటు దగ్గర పదిమంది. మిషన్ పెద్ద పాస్టర్ ఎలీసియో కారు వేసుకుని వచ్చేశాడు. ఆయనా వాళ్ల దేశం వాడే.

"అక్కా, ఇదేమైనా మన గింబాలా? మీకేమైనా అయితే నేనేం జవాబు చెప్పాలి?" అన్నాడు. ఆదివారం అందరి ముందూ క్షమాపణ చెప్పమన్నాడు. ఎంతమందికో క్షమించడం గురించి చెప్పిన ఆడమనిషి ఆ ఆదివారం తల వంచుకుని రెండు ముక్కలు చెప్పి కూర్చుంది. మెడ మీద చెమట కారుతుంటే తుడుచుకోలేదు.

మీదికొచ్చాక డోల్ఫో అన్నాడు, "నాతో ఒక్క మాట చెబితే నేనూ వచ్చేవాణ్ణిగా?"

"అందుకే చెప్పలేదు." గొంతు పెంచింది, ఆయనకి ప్రతి అక్షరం వినపడాలని. "నువ్వెవరో నాకు తెలియదయ్యా. ఉత్తరాల్లో ఉన్నవాడు నాకు తెలుసు. ఈ మనిషి తెలియదు. నన్నడక్కుండా చెయ్యెందుకెత్తావ్?"

డోల్ఫో ఎన్నడూ లేనిది మెల్లగా చెప్పాడు. "ఓడ దిగి ఇంటికొస్తే నాకు అతిథుల కప్పులో కాఫీ ఇచ్చావు. నాలుగు నెలలూ అందులోనే ఇచ్చావు. గడప తొక్కినవాళ్లంతా నీ కోసమే వచ్చారు. నన్ను చూసి 'మళ్లీ ఎప్పుడు బయల్దేరుతున్నావ్' అని అడిగేవారు. ఇక్కడికొస్తే నిన్నూ ఎవరూ ఎరగరు కదా, నాతోనే ఉంటావనుకున్నా."

"అంటే నన్ను పట్టుకొచ్చి బంధించావు."

"అంత మాట అనుకోలేదు. చేసింది మాత్రం అదే."

జాలి కలగాల్సిన చోట బిసింగ్‌కి ఒళ్లు మండింది. ఆ కప్పు సంగతి నిజమేనని తెలిసి ఇంకా మండింది. రెండు రోజులు మాట్లాడలేదు. ఆ గదుల్లో మాట్లాడకుండా ఉండడమంటే గాలి పీల్చకుండా ఉండడమే, మరో మనిషి లేడు.

మూడో రోజు డోల్ఫో గోడ మీద కాగితం చింపేసి, ఒక్కడే ఆఫీసుకి పోయి, మంగళవారాలు ఆవిణ్ణి ఒంటరిగా బజారుకి పంపిస్తానని అడిగాడు. పాస్టర్ ఎలీసియో ఒప్పుకోలేదు, పైగా ఒంటరిగా వచ్చినందుకు ఈయన్నీ కేకలేశాడు.

"సరే, జంటగానే వెళ్దాం. నేను బజారు ముందు సైకిళ్ల షెడ్డు దగ్గర ఉంటా. ఇద్దరి మధ్య ఎంత దూరం ఉండాలో వాళ్లు రాయలేదు," అన్నాడు ఇంటికొచ్చి.

అప్పట్నుంచి మంగళవారాలు ఆయన ఆ షెడ్డు నీడలో వీపు తిప్పుకుని నిలబడేవాడు. బిసింగ్ ఫల్లా పక్కన కూర్చునేది. మొదటి రెండు వారాలు బాగానే గడిచాయి. మూడో వారం నీడ జరిగిపోయి ఎండ ఆయన నడినెత్తిన పడుతోంది. మనిషి కదలడు. చేపలు కోస్తున్నంతసేపూ చూపు అటే పోయింది ఆవిడకి. ఇంత దూరం వచ్చినా ఆయన ధ్యాస వదిలింది లేదు. ఫల్లా అటు చూసి, ఇటు చూసి, చేత్తో "పిలువు" అన్నట్టు సైగ చేసింది.

బిసింగ్ పిలవలేదు. కొబ్బరి బోండం కొట్టించి పంపింది. తనకి దొరికిన ఆ కాస్త చోట్లో ఇంకొకరికి పీట వెయ్యడానికి మనసొప్పలేదు.

వానలు మొదలయ్యాక నది పొంగి బజారు మూతపడింది. ఐదు వారాలు ఇద్దరూ మీది గదుల్లోనే ఉండిపోయారు. ఆయన వరండాలో, ఆవిడ వంటింట్లో. లోపలికి రావాలంటే గొంతు సవరించుకుని గుమ్మం దగ్గర ఆగేవాడు. ఒక్కోసారి ఆవిడ రమ్మనేది. ఒక్కోసారి "ఇప్పుడు కాదు" అనేది. ఆయన సరేనని వెనక్కి పోయేవాడు. గంజి పిల్లలు రాలేదు, పాఠం లేదు, అయినా శుక్రవారం నివేదికలో "సేవ సంతోషంగా సాగుతోంది" అని ఆవిడ రాస్తే ఆయన సంతకం పెట్టాడు. ఇంకా పన్నెండు నెలలున్నాయి.